నువ్వు పంపిన పట్టిక చూశాక

దేవరకొండ

బిడ్డా,

నీ ప్రాజెక్టు కోసం అమెరికా మాజీ సైనికుల లెక్కలు తీసుకున్నానని, ఒకసారి చూడమని వాట్సాప్‌లో పంపావు కదా. ఫోన్‌లో అంకెలు ఆనడం లేదని బజార్లో ప్రింటు తీయించాను. నాన్న కూడా చూశాడు. "ఇంతమందా!" అని మళ్లీ పేపర్‌లో తల పెట్టాడు. ఫోన్ చేద్దామంటే నీకు తీరికున్నప్పుడు నాకు బడి. అందుకే రాస్తున్నా.

2000లో 2 కోట్ల 64 లక్షల మంది ఉన్నవాళ్లు 2018కి 1 కోటి 80 లక్షలకు తగ్గారు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో నూటికి ఏడుగురే. దీనికి నువ్వు "యువతకు సైన్యంపై ఆసక్తి తగ్గడమే కారణం" అని రాశావు. తొందరపడ్డావు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశం 1 కోటి 60 లక్షల మందికి యూనిఫాం వేసింది. 2000 నాటికి వాళ్లలో 57 లక్షల మంది ఉంటే, 2018కి 5 లక్షల మంది కూడా మిగల్లేదు. వియత్నాం యుద్ధకాలం వాళ్లు 64 లక్షలు. అన్నిటికంటే పెద్ద గుంపు అదే, సగం మందికి పైగా డెబ్భై దాటినవాళ్లే. 1973లో నిర్బంధంగా చేర్చుకోవడం మానేశారు, సైన్యం చిన్నదైంది. నీ గ్రాఫులో గీత కిందికి పోతున్నది ప్రధానంగా ముసలితరం కాలం చేయడం వల్ల. ఆసక్తి సంగతి ఈ అంకెలు చెప్పవు.

ఆడవాళ్ల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. 2018లో మాజీ సైనికుల్లో నూటికి 9 మంది, 2040 నాటికి 17 మంది కావచ్చని అంచనా. మొత్తం తగ్గుతున్నా వాళ్ల వాటా పెరుగుతోంది. దానికి ఒక పేజీ ఇవ్వు.

ఇక చివర్లో "ఇండియాతో పోలిక" అని ఖాళీ పెట్టి నన్నడిగావు. నీ పట్టికలో మనల్ని నేరుగా ఇరికించలేవు. స్వాతంత్ర్యం వచ్చాక మన దగ్గర సైన్యంలోకి నిర్బంధంగా చేర్చుకోవడం ఎన్నడూ లేదు. యుద్ధాన్ని బట్టి తరాలను విడదీస్తే మనకు కుదరదు. ఇక్కడ చూడాల్సింది సైన్యం నుంచి బయటికొచ్చే వయసు. ఏటా సుమారు 60 వేల మంది దిగిపోతారు, సిపాయిలైతే చాలామంది నలభై లోపే. మాజీ అన్నా పిల్లలు చిన్నవాళ్లు, ఇంటి అప్పు అట్లాగే ఉంటుంది. నాన్న మిలిటరీ నుంచి వచ్చేసి ట్రంకు పెట్టె దించినప్పుడు నువ్వు నాలుగో తరగతి. "పెన్షన్ తాతలకు కదా ఇచ్చేది?" అని అడిగావు. ఆ తర్వాత బ్యాంకు గార్డు ఉద్యోగం వచ్చేదాకా ఆయన పడ్డ టెన్షన్ నీకు తెలియనివ్వలేదు. బంధువులకు మాత్రం మిలిటరీ క్యాంటీన్ సీసా కావాల్సినప్పుడల్లా బాగా గుర్తొచ్చేవాడు!

రెండోది, ప్రాంతం. పంజాబ్, హర్యానా, ఉత్తరాఖండ్‌లలో ఊరూరా మాజీ సైనికులుంటారు. 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్లు కొన్ని కులాలను, కొన్ని ప్రాంతాలను "యుద్ధజాతులు" అని ముద్ర వేసి అక్కడే ఎక్కువగా చేర్చుకున్నారు. ఆ అలవాటు తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. గోదావరి వైపు సైనికుల ఊరని పేరుపడ్డ మిలిటరీ మాధవరం ఉంది. మనది 1948 సెప్టెంబర్ దాకా నిజాం రాజ్యం. ఆ వారసత్వం మనకు లేదు. ఇక్కడ బోరు ఎండిన ఇంట్లో ఒకడు హైదరాబాద్‌కు మేస్త్రీ పనికి పోయాడు, ఒకడు బొంబాయి పోయాడు, పదో తరగతి పాసై పరుగులో నెగ్గినవాడు మిలిటరీకి పోయాడు. నాన్నను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కు పంపింది దేశభక్తి ఒక్కటే అనుకుంటే మీ తాత నవ్వుతాడు. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆయనకు మహావీర చక్ర వచ్చింది, సూర్యాపేటలో విగ్రహం నిలబడింది. నిలబడాల్సిందే. ప్రాణాలతో తిరిగొచ్చి ఏటీఎం ముందు కుర్చీలో కూర్చున్నవాళ్లనే ఎవరూ లెక్కపెట్టరు.

లెక్క అన్నాను కదా, అసలు మాట ఇదే. అమెరికాలో వాళ్ల జనాభా లెక్కల సంస్థే ఎంపిక చేసిన ఇళ్ల సర్వేలో "సైన్యంలో పనిచేశారా?" అని అడుగుతుంది. నీ పట్టిక అట్లా పుట్టింది. మన 2011 జనాభా లెక్కలప్పుడు ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్‌ను నేను. మన వీధి నా బ్లాకులోనే పడింది. మతం, భాష, చదువు, పని, వలస అన్నీ అడిగాను. మిలిటరీ అన్న ప్రశ్న ఫారంలోనే లేదు. అప్పటికి నాన్నకు ఉద్యోగం రాలేదు కాబట్టి "పెన్షనర్" అని రాశాను. ఎదురింటి రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు కూడా అదే గడిలో ఉన్నాడు. మన దగ్గర మాజీ సైనికుల సంఖ్య సైనిక సంక్షేమ కార్యాలయాల్లో పేరు నమోదు చేసుకున్నదాన్ని బట్టి వస్తుంది. డిశ్చార్జి బుక్ పట్టుకుని నల్లగొండ దాకా పోనివాడు అందులో ఉండడు.

ఇప్పుడు ఇంకో చిక్కు. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. ఆ పథకంలో నాలుగేళ్లు చేశాక నూటికి 25 మందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్లకు పెన్షన్ ఉండదు, మాజీ సైనికుడి హోదా కూడా రాదు. తుపాకీ పట్టిన మనిషే, రికార్డులో మాత్రం మాజీ సైనికుడు కాడు. ఇరవై ఏళ్ల తర్వాత నీలాంటి పిల్ల ఒకతి గీత గీసి "మాజీ సైనికులు తగ్గారు" అని రాస్తే, నిబంధన చదవకుండా రాసినట్టే. నీ పేజీ ఇక్కడ మొదలుపెట్టు. మాజీ సైనికుడని ఎవరిని అంటారో ముందు రాసి, అంకెలు తర్వాత పెట్టు.

వితంతువులనూ వదలకు. మన వెనక వీధిలో ఒకామె ఉంది, భర్త మిలిటరీలో చేసి వచ్చి పోయాడు. భర్త రికార్డులో లక్ష్మి, ఆధార్‌లో లచ్చమ్మ. ఫ్యామిలీ పెన్షన్ కోసం అఫిడవిట్లతో తిరుగుతూనే ఉంది. దరఖాస్తులన్నీ నేనే రాసిచ్చా. నా పేరు, నీ పుట్టిన తేదీ నాన్న రికార్డులో సరిగ్గా ఉన్నాయో లేదో మొన్న తీసి చూశాను. ఉన్నాయి.

అన్నట్టు, నవంబర్‌లో నాన్న లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పెన్షన్ ఖాతాలో ఇంకా నీ పాత నంబరే ఉంది, ఓటీపీ దానికే వస్తుంది. ఆ సిమ్ నీ దగ్గరుంటే రీచార్జ్ చేసి ఫోన్‌లో వేసి ఉంచు. లేకపోతే ఈ వారమే చెప్పు, నంబరు మార్పించడానికి నాన్నను పంపుతా.

అమ్మ