ఆరు యుగాలన్నాం, నాలుగే ఇస్తున్నాం: ముందుగా కొన్నవారికి వివరణ

గత నెలాఖరుకల్లా మా సూపర్ హీరో మినీ గేమ్‌ల సంకలనం మీ ఫోన్లలో ఉంటుందని మాట ఇచ్చాం. ఆరు చారిత్రక యుగాలు, యుగానికి ఆరు ఆటలు అన్నాం. ఆ గడువు దాటిపోయింది. వచ్చే శుక్రవారం విడుదలవుతున్నవి నాలుగు యుగాలు, ఇరవై నాలుగు ఆటలు. ఒక యుగాన్ని పూర్తిగా తీసేశాం. ఇంకొకదాన్ని ఆపి ఉంచాం. ఆలస్యానికి క్షమించమని అడుగుతున్నాను. ఎందుకిలా జరిగిందో దాచకుండా చెప్పడం నా బాధ్యత.

ముందు డబ్బు సంగతి. ఆరు యుగాలకని డబ్బు కట్టారు కాబట్టి, నాలుగు చాలవనుకునేవారికి మొత్తం తిరిగి ఇచ్చేస్తాం. కారణం చెప్పనక్కర్లేదు. ఆటలో సెట్టింగులు తెరిచి ‘డబ్బు వాపసు’ నొక్కితే చాలు. విడుదలైన రోజు నుంచి రెండు నెలల వరకు ఈ వీలు ఉంటుంది. సంకలనాన్ని ఉంచుకునేవారికి, ఆపి ఉంచిన యుగం సిద్ధమయ్యాక అదనంగా ఏమీ కట్టకుండానే అందుతుంది. దానికి తేదీ మాత్రం ఇప్పుడు చెప్పను. ఒకసారి తేదీ తప్పినవాణ్ని, పని పూర్తయ్యాకే చెబుతాను.

కొత్తగా చదువుతున్నవారికి ఆట సంగతి రెండు మాటల్లో: కొండల్ని ఎత్తగల, రెప్పపాటులో సముద్రాలు దాటగల ఒక అమ్మాయి కాలంలో జారి గతంలో పడుతుంది. ఒక్కో యుగంలో కొన్నాళ్లు ఉండి, అక్కడి మనుషుల పనుల్లో చెయ్యి కలుపుతుంది. ఆటలన్నీ చిన్నవి, ఏదీ నిమిషం దాటదు. మొదట్లో ఆమె ప్రతి పనినీ తన బలంతో చిటికెలో ముగించేది. తయారీ మధ్యలో ఎక్కడో మాకు అర్థమైంది, అలా అయితే యుగం కేవలం వెనక గోడకు అంటించిన బొమ్మ అవుతుందని. అక్కడి నుంచి ఒక్కో ఆటనూ తిరగరాయడం మొదలైంది. ఆలస్యానికి అసలు కారణం అదే.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తీసుకున్నది ఏథెన్స్ తెడ్ల ఆట. కాలం క్రీ.పూ. 480, చోటు గ్రీకులు పర్షియన్లతో నౌకాయుద్ధం చేసిన సలామిస్ జలసంధి. ట్రైరీమ్ అనే యుద్ధనౌకలో తెడ్లు మూడు వరుసల్లో ఉండేవి, ఒక్కో నౌకకు 170 మంది తెడ్లు వేసేవారు. వాళ్లందరికీ లయ అందించడానికి ఒక వాద్యకారుడు ఆలోస్ అనే గొట్టపు వాద్యం ఊదేవాడు. మా అమ్మాయి ఒక్కతే ఆ 170 మందికి సమానం. కానీ బలమంతా పెట్టి లాగిందంటే ఆమె తెడ్డు ముందువాళ్ల తెడ్లకు కొట్టుకుంటుంది, వరుస చెదురుతుంది, నౌక పక్కకు తిరిగిపోతుంది. బలాన్ని బిగబట్టుకుని ఊదేవాడి లయలో కలవాలి, అంతే ఆట. సంకలనం మొత్తంలో నాకు ప్రాణంతో సమానమైనది ఇదే.

పరీక్షకు ఇచ్చినప్పుడు దీని మీద ఒక ఫిర్యాదు వచ్చింది. ఒక పెద్దావిడ పాత ఫోనులో దీన్ని రోజూ గెలిచేవారు. కొత్త ఫోను కొన్నాక ఒక్కసారి కూడా గెలవలేకపోయారు. ‘నా చేతుల్లో చురుకు తగ్గిందేమో’ అని రాశారు. కొత్త ఫోను అలవాటు కావాలి, కొన్నాళ్లు ఆడి చూడండి అని నేను జవాబిచ్చాను. అది నా తప్పు. వారం తిరిగేసరికి ఇంకో ముగ్గురు అదే మాట చెప్పారు. అప్పుడు కోడ్ తెరిచి చూశాను. తెరను తాకడానికి ఇచ్చే వ్యవధిని నేను కాలంతో కొలవలేదు, ఫ్రేములతో, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే బొమ్మలతో కొలిచాను. ఆరు ఫ్రేములు. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర మీద అది 100 మిల్లీసెకన్లు. 30 ఫ్రేములే చూపగలిగే పాత ఫోను మీద 200. 120 చూపే కొత్త ఫోను మీద 50 మాత్రమే. ఆవిడ చేతుల్లో ఏ లోపమూ లేదు. పాత ఫోను ఇచ్చిన సమయంలో నాలుగో వంతులో అదే పని చేయమని మా ఆట అడిగింది.

ఇలాంటి లెక్క ఇంకా తొమ్మిది ఆటల్లో దొరికింది. ఇప్పుడు అన్నిటినీ మిల్లీసెకన్లలోకి మార్చాం. ఏ ఫోనులోనైనా వ్యవధి ఒకటే. అది సరిచేస్తుంటే ఇంకో సమస్య బయటపడింది. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లలో శబ్దం తెర కన్నా వెనకబడి వినిపిస్తుంది, ఒక్కో జతలో ఒక్కో మేరకు. లయ మీద నడిచే ఆటకు అది ప్రాణాంతకం. అందుకే మొదట్లో చిన్న పరీక్ష పెట్టాం. టిక్‌మనే శబ్దానికి పదిసార్లు తెరను తాకితే, మీ దగ్గర ఎంత ఆలస్యమవుతోందో ఆట లెక్క కట్టి సర్దుకుంటుంది. సరిచేసిన ఆటను మొదట ఆ పెద్దావిడకే పంపాను. మూడోసారికి గెలిచానని రాశారు. ఆ ఉత్తరం చదివాకే ఈ యుగాన్ని విడుదల చేయవచ్చన్న ధైర్యం వచ్చింది.

ఈజిప్టు యుగం మొదటి రూపం చూసినవారు దాన్ని గుర్తుపట్టలేరు. అప్పట్లో కొరడాలు పట్టుకున్న కాపలాదారులు, సంకెళ్లతో బానిసలు, వాళ్ల మధ్య నుంచి వచ్చి బండను ఒంటిచేత్తో ఎత్తి పిరమిడ్ మీద పెట్టే మా అమ్మాయి. చిన్నప్పటి నుంచి చూసిన బొమ్మల్ని ఆలోచించకుండా మళ్లీ గీశాం. గీజాలో పిరమిడ్ కట్టినవారి సమాధులు 1990లో బయటపడ్డాయి. వాళ్లు రాజు పిరమిడ్‌కు దగ్గరలోనే, మర్యాదగా ఖననమైనవారు. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో పపైరస్ పత్రాలు దొరికాయి. మెరెర్ అనే అధికారి తన బృందంతో తూరా గనుల నుంచి సున్నపురాయిని పడవల్లో గీజాకు చేరవేసిన రోజువారీ లెక్క అందులో ఉంది. ఏ రోజు ఎక్కడ ఎక్కించారు, రాత్రి ఎక్కడ ఆగారు. నాలుగున్నర వేల ఏళ్ల నాటి పనివాళ్ల దినచర్య అది. చదివిన రోజే కొరడాలన్నీ తీసేశాం. పిరమిడ్ ఆట ఇప్పుడు పడవలో రాళ్లను ఒరగకుండా సర్దే ఆట.

అదే యుగంలో ఇంకో ఆట గురించి చెప్పకుండా ఉండలేను. జెహుతిహోతెప్ అనే ప్రాంతీయ పాలకుడి సమాధి గోడ మీద ఒక చిత్రం ఉంది. అది మహా పిరమిడ్ తర్వాత కొన్ని వందల ఏళ్లకు గీసినది. చక్రాలు లేని ఈడ్పు బండి మీద బ్రహ్మాండమైన విగ్రహం, తాళ్లు పట్టి లాగుతున్న వరుసలు. బండి ముందు భాగంలో నిలబడి ఒకతను కిందికి నీళ్లు పోస్తున్నాడు. చాలాకాలం దాన్ని ఏదో పూజా విధి అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఇసుక మీద ప్రయోగం చేసి చూపారు. సరైన మేరకు తడిపితే లాగడానికి పట్టే బలం దాదాపు సగానికి తగ్గుతుంది. పొడి ఇసుకైతే బండి ముందు గుట్టగా పేరుకుపోతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే మళ్లీ లాగడం బరువవుతుంది. మా ఆటలో కొండలెత్తే అమ్మాయి చేతికి ఒక నీళ్లకుండ ఇచ్చాం. తాడు ముట్టుకోవడానికి వీల్లేదు. ఇసుక రంగు చూసుకుంటూ పోయాలి. లేత పసుపు ముదిరి బెల్లం రంగుకు తిరిగే చోట ఆపితే బండి జారుతుంది, లాగేవాళ్ల భుజాలు ఒక్కసారిగా తేలికపడతాయి. ఆ భుజాల కదలిక ఒక్కటే పదకొండు సార్లు గీశాం.

ఇంకో యుగం వైకింగులది, అంటే వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా సముద్ర యోధులది. వాళ్ల కొమ్ముల శిరస్త్రాణాలు ఏమయ్యాయని చాలామంది అడిగారు. మా మొదటి ప్రకటన బొమ్మలో అవి ఉన్నాయి, నిజమే. వైకింగులు యుద్ధానికి కొమ్ములు పెట్టుకున్నట్టు ఆధారాలు లేవు. ఆ రూపం 19వ శతాబ్దపు రంగస్థల దుస్తుల నుంచి వ్యాపించింది. నార్వేలోని గెర్ముండ్‌బూలో 1943లో దొరికిన శిరస్త్రాణానికి కళ్ల చుట్టూ ఇనుప కవచం ఉంది, కొమ్ములు లేవు. మేమూ అలాగే మార్చాం.

చైనా యుగంలో తప్పు ఇంకా మౌలికమైనది. 1040ల్లో బి షెంగ్ కాల్చిన మట్టితో విడి అచ్చులు చేసి ముద్రించాడు. మా ఆటలో ఆ అచ్చుల మీద అక్షరాలు కాగితం మీద కనిపించినట్టే సూటిగా ఉన్నాయి. అచ్చు మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి కదా! పరీక్షకుల్లో ఒకరు చెప్పేదాకా మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. సరిదిద్దాక ఆట రెండింతలు బాగుపడింది. తిరగేసిన అక్షరాన్ని పోల్చుకోవడమే ఇప్పుడు అందులోని సవాలు.

పూర్తిగా తీసేసినది రోమ్. అక్కడ మేము చేసినవి ఆరు కొట్లాటలు. ఏ యుగంలో పెట్టినా అలాగే ఉండే కొట్లాటలు. అవి మీకు ఇవ్వదగినవి కావు.

ఆపి ఉంచినది లండన్, 1854. దీని గురించి చెప్పడం నాకు కష్టంగా ఉంది. ఆ ఏడాది సోహో ప్రాంతంలోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా ప్రబలి 600 మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల రోగం వస్తుందని అప్పటి వైద్యుల్లో చాలామంది నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి, చనిపోయినవారు ఏ నీళ్లు తాగారో అడిగి తెలుసుకున్నాడు. అనుమానం ఒక వీధి పంపు మీదికి వెళ్లింది. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు. తర్వాత ఆయన గీసిన పటంలో ఒక్కో మరణానికి ఒక్కో చిన్న నల్లగీత ఉంటుంది.

మా ఆటలో అమ్మాయి దివ్యదృష్టితో నీళ్లలోని క్రిములను చూసి పంపును విరగ్గొట్టేది. గడప గడపా ఎక్కిన ఒక మనిషి ఓపికను మేము ఒక్క చూపుతో కొట్టేశాం. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. పటంలో నల్లగీత పెట్టిన ప్రతిసారీ పది పాయింట్లు ఇచ్చాం. పరీక్షకు ఆడిన ఒక తండ్రి రాశారు: ఎనిమిదేళ్ల కొడుకు పక్కన కూర్చుని ‘ఇంకా గీతలు రావాలి, ఇంకా రావాలి’ అని చప్పట్లు కొట్టాడట. ఆ గీతలంటే ఏమిటో చెప్పాక వాడు ఫోను పక్కన పెట్టేశాడట. పిల్లవాడి తప్పేమీ లేదు. చప్పట్లు కొట్టమని అడిగింది మేము.

కొత్త రూపంలో పాయింట్లు లేవు, దివ్యదృష్టి లేదు. ఆమె తలుపు తడుతుంది, నీళ్లు ఎక్కడివని అడుగుతుంది, విన్నది రాసుకుంటుంది. కొన్ని తలుపులు తెరుచుకోవు. ఇది నిమిషంలో అయ్యే ఆట కాదని ఇప్పటికే తేలింది. మినీ గేమ్‌ల మధ్య దీన్ని ఎలా కూర్చాలో ఇంకా వెతుకుతున్నాం. తొందరపడి ఇవ్వను.

విడుదలకు ముందు రెండు విషయాలు గమనించండి. పరీక్ష రూపంలో ఏథెన్స్ యుగంలో మీరు సాధించిన స్కోర్లు కొత్త రూపంలోకి రావు, వ్యవధి మారింది కాబట్టి పాతవాటితో పోల్చడం న్యాయం కాదు. మిగతా మూడు యుగాల్లో మీరు ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. తెడ్ల ఆటకు ముందు టిక్ శబ్దపు పరీక్ష తప్పకుండా చేయండి. ఇయర్‌ఫోన్లు మార్చినప్పుడల్లా మళ్లీ చేయాలి.