గంజాయి నూనె వేరు, కీమో వాంతుల మందు వేరు

ఎడిటర్ గారికి,

గంజాయి నూనె చుక్కలు వేసుకుంటే క్యాన్సర్ గడ్డ కరిగిపోతుందని వాట్సాప్‌లో వీడియోలు తెగ తిరుగుతున్నాయి, మా బంధువుల్లోనే ఒకరు అది ఎక్కడ దొరుకుతుందని అడిగారు. గడ్డ కరుగుతుందని మనుషుల్లో ఇంతవరకు రుజువు కాలేదు. కీమో తర్వాత వచ్చే వాంతుల సంగతి వేరు, అక్కడ గంజాయిలోని పదార్థంతో చేసిన మందులు కొంత పనిచేసే మాట నిజమే. ఈ రెండింటినీ కలిపేసి రాస్తే జనం నూనె సీసాల వెంట పడరా?

1985లోనే అమెరికా డ్రోనబినాల్, నబిలోన్ అనే క్యాప్సూల్స్‌కి అనుమతి ఇచ్చింది. మొదటిది గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీనే, కాకపోతే ల్యాబ్‌లో చేసింది. రెండోది దానిలాంటిదే ఇంకొకటి. మామూలు వాంతుల మందులకు లొంగని కీమో రోగుల కోసమే అప్పుడు వీటిని అనుమతించారు. సరిగ్గా అదే ఏడాది మన దగ్గర మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. అందులో గంజాయి అంటే పూత ఉన్న కొమ్మలే, ఉత్త ఆకు లెక్కలోకి రాదు, ఉత్తరాదిలో ఆకుతో చేసే భంగు దుకాణాలకు లైసెన్సులు ఇస్తున్నది అందుకే (ఇది విన్నప్పుడల్లా నవ్వొస్తుంది నాకు). వైద్యానికీ పరిశోధనకూ కూడా చట్టంలో వీలుంది, జమ్మూలో సీఎస్ఐఆర్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలికి చెందిన సంస్థ ఈ మొక్కను పెంచి పరిశోధిస్తోంది కూడా.

మొక్క మంచిదా చెడ్డదా అన్న గొడవ నాకొద్దు. క్యాప్సూల్‌లో ఎన్ని మిల్లీగ్రాములుందో డాక్టరుకు తెలుసు, ఎవరో చాటుగా తెచ్చిచ్చిన నూనెలో ఏముందో అమ్మినవాడికే తెలియదు. ఇలాంటివి వేసుకుంటే వయసు మళ్లినవాళ్లకు తల తిరగొచ్చు, అయోమయంగా మాట్లాడొచ్చు, పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు గంజాయిలోనే ఉండే, మత్తివ్వని సీబీడీ అనే పదార్థం కూడా వేసుకుంటే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. డాక్టరు తిడతారేమోనని ఇవి దాచేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, తిట్టినా సరే చెప్పేయండి.

ఇక నొప్పి. మార్ఫిన్ లాంటి మందులకూ తగ్గని క్యాన్సర్ నొప్పికి టీహెచ్‌సీ, సీబీడీ కలిపిన నోటి స్ప్రేని పెద్ద పరీక్షల్లోనే వాడి చూశారు, ఆశించిన ఫలితం రాలేదు. అసలు మార్ఫినే మనవాళ్లలో చాలామందికి అందడం లేదు. 2014లో ఆ ఎన్‌డీపీఎస్ చట్టాన్నే సవరించి ఆస్పత్రులు మార్ఫిన్ తెప్పించుకోవడం సులువు చేశారు, అయినా పేరెత్తగానే "ఇక ఆఖరి రోజులా?" అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. వాంతులకు కూడా ఓలాంజపిన్ లాంటి చవక మాత్రలున్నాయి, ముందు వాటి గురించి అడగాలి.

గంజాయి పట్టుబడిన వార్తలకు రోజూ చోటిస్తున్నారు కదా, ఏ జిల్లాలో ఏ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (తీవ్ర జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉందో, మార్ఫిన్ ఎక్కడ ఇస్తారో ఒక్కసారి పూర్తి జాబితా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం