కోటు మేకుకి తగిలించావట

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. గౌరి ఈనింది, పెయ్యదూడ. జున్నుపాలు నీకోసం దాచే వీలు లేక చిన్నత్త వాళ్లకి పంపాను. మామ్మ మోకాలు మళ్లీ మొదటికొచ్చింది. నీ ఫోను వచ్చి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పనిలో ఉండుంటావులే, నేనేం అడగట్లేదు.

చిన్నత్త ఏదో అంది. ఆ కేసులో నీ క్లయింటు అబ్బాయికి శిక్ష పడ్డాక నువ్వు కోర్టుకే పోవట్లేదని, నల్లకోటు మేకుకి తగిలించేశావని. సరే, ఆ మాట వదిలెయ్. నేను రాయాలనుకున్నది వేరే.

రొబేర్ బదాంతేర్ అని ఫ్రాన్సులో ఒక లాయరు. లా ప్రొఫెసరు కూడా. పద్నాలుగేళ్ల వయసులో, 1943లో, లియోన్‌లో వాళ్ల నాన్నని నాజీలు పట్టుకుపోయారు. సోబిబోర్ మరణశిబిరం నుంచి ఆయన తిరిగి రాలేదు. ఆ పిల్లవాడే పెద్దయి నల్లకోటు వేసుకున్నాడు.

1971లో క్లెర్వో జైల్లో బ్యుఫే, బొంతెమ్ అనే ఇద్దరు ఖైదీలు ఒక నర్సునీ, ఒక గార్డునీ బందీలుగా పట్టుకున్నారు. ఆ బందీలిద్దరూ చనిపోయారు. బొంతెమ్ తరఫున వాదించింది ఈయన. చంపింది బొంతెమ్ కాదని త్రువా అనే ఊరి కోర్టులో జ్యూరీయే ఒప్పుకుంది. అయినా ఇద్దరికీ మరణశిక్షే! అధ్యక్షుడు పాంపిదూ క్షమాభిక్ష ఇవ్వలేదు. 1972 నవంబరు 28, ఇంకా తెల్లారలేదు. పారిస్‌లో శాంతే జైలు. తల నరికే యంత్రం, గిలటిన్ దాకా తన క్లయింటు వెంటే నడిచాడమ్మా ఆయన. చెయ్యని హత్యకి తల తెగిపడినప్పుడు అక్కడే ఉన్నాడు. చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా నాకు తెలియలేదు.

ఆ మర్నాడు ఆయన ఇంట్లో ఏం తిన్నాడో, ఎవరు పెట్టారో. నువ్వు రాత్రిళ్లు అన్నం తింటున్నావా?

నాలుగేళ్లు దాటాక, 1977లో, మళ్లీ అదే త్రువా కోర్టు. పసివాణ్ణి చంపిన పాత్రిక్ ఆన్రీ కేసు. ఊరంతా చంపెయ్యమంది. అదే కోర్టు మెట్లెక్కి, వాదించి, అతన్ని యావజ్జీవంతో బయటపడేశాడు. 1981లో అధ్యక్షుడు మిత్తెరాఁ ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి అయ్యాడు. జనంలో ఎక్కువమంది మరణశిక్ష ఉండాలంటున్నా, సెప్టెంబరులో దాన్ని రద్దు చేసే బిల్లు పెట్టి, 117కి 363 ఓట్లతో నెగ్గించాడు. అక్టోబరు 9న చట్టమైంది. తర్వాత తొమ్మిదేళ్లు రాజ్యాంగ మండలి అధ్యక్షుడు, ఆపైన సెనేటరు. 2024 ఫిబ్రవరి 9న పోయాడు. వాళ్ల నాన్నని పట్టుకుపోయిన తేదీ కూడా అదే. 2025లో, మళ్లీ అక్టోబరు 9నే, పారిస్‌లో దేశం మహనీయుల్ని తలుచుకునే మందిరం పాంథియన్‌లో గౌరవం ఇచ్చారు. మంత్రిపదవి గొప్పేలే. నాకు మాత్రం త్రువా మెట్లు రెండోసారి ఎక్కడమే పెద్దది.

మిల్లు సంగతయ్యాక మీ నాన్న ఆర్నెల్లు గడప దాటలేదు. నువ్వప్పుడు పాకుతున్నావు. గడప దాటని మనిషికి అన్నం పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

క్లాసు పీకకూడదనే అనుకున్నాను. కానీ ఆ కేసు కాగితాల కట్ట అల్మారాలో పెట్టెయ్యకు. అప్పీలు గడువు లెక్క చూసుకో. మీ సీనియరు దగ్గర కూర్చో. వాయిదాలకి నీ కోసం వచ్చి, నీ మొహం కేసే చూసే ఆ అబ్బాయి తల్లికి ఒక్క ఫోను చెయ్యి. నాకు తర్వాత చేద్దువుగాని.

బస్సులో పార్సిలు వేశాను. కందిపొడి, గోంగూర, నెయ్యి సీసా. మూత గట్టిగా ఉంటుంది, పళ్లతో తియ్యకు. దసరాకి వచ్చినప్పుడు చూశాను, నీ కోటు కుడి జేబు కుట్టు ఊడింది. పొడి డబ్బా కింద సూది, నల్లదారం ఉండ పెట్టాను. సోమవారం లోపల కుట్టుకో.

అమ్మ