‘దీనికి భయపడి ఏమేం మానేశావమ్మా?’ అని అడగండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో తలనొప్పి గురించి వేసిన వ్యాసం చదివాను. చీకటి గదిలో విశ్రాంతి తీసుకోమని రాశారు. నొప్పి పొడుస్తున్న వేళ అది సరే. కానీ నెలలో ఇరవై రోజులు తల నొచ్చేవాళ్లు ఆ ఒక్క మాటే పట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఆరేళ్లుగా తలనొప్పి. సొరుగులో బాబిన్ల పక్కనే మాత్రల అట్ట ఉండేది. దారం అయిపోయినా పట్టించుకోని నేను అట్టలో రెండే మాత్రలు కనబడితే టెన్షన్ పడిపోయేదాన్ని.

ఒకరోజు మేడమీద బట్టలు ఆరేసి దిగుతుంటే కణతల్లో దబదబా కొట్టుకోవడం మొదలై, సాయంత్రం దాకా వాంతులు. ఆ తర్వాత మెట్ల దగ్గరికి వెళ్తే చాలు, కాలు పెట్టకముందే మెడ బిగుసుకునేది. బట్టలు ఆరేసే పని మా అమ్మాయికి అప్పజెప్పాను. బజారుకు నడిచి వెళ్లడం మానేశాను. చివరికి పెళ్లిళ్లకు కూడా. ఇంత మానుకున్నా నొప్పి తగ్గకపోగా నిద్ర కూడా కరువైంది.

ఇక్కడ డాక్టర్లకు చూపించుకున్నాను. ‘మో ముండొ బింధుచి’ (నా తల నొస్తోంది) అని ఒడియాలో చెప్పగలను. నొప్పి వస్తుందేమోనని గడప దాటడం లేదని చెప్పేంత ఒడియా నాకు రాదు. అడిగినవాళ్లూ లేరు, చీటీ రాసి పంపేవారు. శ్రీకాకుళంలో ఒక డాక్టరమ్మ మాత్రం అంతా పరీక్ష చేసి రెండే ప్రశ్నలు వేశారు. ‘నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నావు? దీనికి భయపడి ఏమేం మానేశావమ్మా?’ రెండోదానికి జవాబు చెప్తూ ఏడ్చేశాను.

మామూలు నొప్పి మాత్రలైనా నెలలో 15 రోజులు, ఆపైన వేసుకుంటూ మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయట. మైగ్రేన్ లేచినప్పుడు మెట్లెక్కితే నొప్పి పెరగడం నిజమేనని, నా భయం ఉత్తది కాదని కూడా ఆవిడే చెప్పారు. కాకపోతే బాగున్న రోజుల్లో కూడా కూర్చుండిపోతే ఒంటికి అలవాటు తప్పి, చిన్న పనికే ఆయాసం వస్తుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది.

ఆవిడ చెప్పినట్టే మాత్రలు ఆపాను. మొదటి పది రోజులు నరకం చూశాను. నడక పది నిమిషాలతో మొదలుపెట్టాను, మహేంద్రతనయ ఏటి ఒడ్డు వైపు. నాలుగో రోజు సగం దారిలో నొప్పి అందుకుంది. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, మెల్లగా ఇంటికి చేరాను. అంతకుమించి ఏమీ కాలేదు. నాకు ధైర్యం వచ్చింది ఆ రోజే.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు అరగంట పైనే నడుస్తున్నాను. నొప్పి వచ్చిన రోజు క్యాలెండరులో ఎర్రగా సున్నా చుడతాను. మొదటి నెల 21 సున్నాలు, పోయిన నెల 8. బరంపురంలో నర్సింగ్ చదివే మా అమ్మాయి ఒక అధ్యయనం చదివి వినిపించింది. 2011లో స్వీడన్‌లో 91 మంది మైగ్రేన్ రోగుల మీద చేసిందట. వారానికి మూడుసార్లు 40 నిమిషాలు వ్యాయామం చేసినవాళ్లకూ, టోపిరమేట్ అనే మందు వాడినవాళ్లకూ ఇంచుమించు ఒకేలా నొప్పులు తగ్గాయట.

ఈసారి భయం గురించి, నడక గురించి కూడా వ్యాసం వేయండి. ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, మాట తడబడినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని అందులో పెద్ద అక్షరాల్లో రాయండి. మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారని సరిహద్దులో ఉన్న మావాళ్లకు తెలియదు, అదీ వేయండి.

ఇంకొక్కటి. సాయంత్రం ఆరు దాటితే ఏటి దారిలో వెలుతురు ఉండదు, ఆడవాళ్లం ఒంటరిగా నడవలేం. అక్కడ లైట్లు వేయమని మీ పేపర్లో రాయండి. నాకు మిషను మీద నుంచి లేవడానికి వీలయ్యేది ఆ వేళకే.

ఇట్లు,
ఒక టైలరు, పర్లాకిమిడి, గజపతి జిల్లా