పాంగాంగ్ ఫోటోల పక్కన దాని ఎత్తు కూడా వేయండి సార్

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో లడఖ్ మీద వేసిన రెండు పేజీలు చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఫోటోలు బాగున్నాయి, పాంగాంగ్ సరస్సు నిజంగా అంత నీలంగానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ అన్నిటికంటే ముందు రాయాల్సిన ముక్క ఒకటి ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. అది తెలియకనే పోయిన జూన్‌లో మా బామ్మర్ది ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

నేను ముప్పై ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాణ్ణి. పదకొండు మందిమి, అందరం యాభై దాటినవాళ్లమే, అనంతపురం నుంచి బస్సులో బెంగళూరు పోయి, అక్కడి నుంచి ఢిల్లీ మీదుగా విమానంలో లేహ్‌లో దిగాం. అనంతపురం ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 1,100 అడుగులు, లేహ్ ఎత్తు 11,500 అడుగులు. విమానంలో పోయినవాళ్లు లేహ్‌లో కనీసం రెండు రోజులు ఊరికే పడుకోవాలని, ఒళ్లు ఆ గాలికి అలవాటు పడ్డాకే ఇంకా పైకి పోవాలని డాక్టర్లు చెప్తారు. మాకు టూర్ మాట్లాడిన ఆయన ఆ మాటే ఎత్తలేదు. ఒక రాత్రి తగ్గించుకుంటే మనిషికి ఎంత మిగులుతుందో మాత్రం చెప్పాడు, మేమూ ఆ లెక్కకే తలూపాం కాబట్టి తప్పు ఆయన ఒక్కడిదే అనను.

మర్నాడు తెల్లవారగానే బండ్లెక్కించారు. దారిలో ఛాంగ్ లా అనే కనుమ దాటాలి, అది 17,000 అడుగుల పైమాటే. నల్లమల ఘాట్‌లో రాత్రిపూట బస్సు నడిపిన నేను, మంచు కరిగి పారుతున్న బురదలో ఆ లడఖ్ కుర్రాడు బండి తిప్పిన తీరు చూసి మనసులోనే దండం పెట్టుకున్నాను. పైన మా సంచిలో ఉన్న మురుకుల ప్యాకెట్టు బుడగలాగా ఉబ్బిపోతే అందరం పగలబడి నవ్వాం. బయట గాలి పలచబడితేనే ప్యాకెట్టు అట్లా ఉబ్బుతుందని, అదే పలచటి గాలిని మేమూ పీలుస్తున్నామని ఒక్కరికీ తట్టలేదు.

ఇక సరస్సు సంగతి. నీళ్ల కోసం బోరు మీద బోరు వేసిన జిల్లా నుంచి పోయినవాణ్ణి కదా, 134 కిలోమీటర్ల పొడవున్న నీళ్లు కళ్ల ముందు పరుచుకుంటే నోట మాట రాలేదు. గబగబా పోయి దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయి! చుట్టూ కొండల మీది మంచు కరిగి వాగులుగా వచ్చి పడుతుందే గానీ నీళ్లు బయటికి పోయే దారి లేదట, ఎండకు నీరు ఆవిరై ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. అంత ఉప్పున్నా చలికాలం మొత్తం గడ్డకడుతుందట. లేహ్‌లో ఏడాదికి పడే వాన 100 మిల్లీమీటర్లే, మనకు 550 దాకా పడుతుంది, మనకంటే కరువు సీమ దేశంలో ఉందని అరవై ఏళ్లకు తెలిసింది నాకు.

ఆ నీళ్లలో మూడో వంతు మాత్రమే మనవైపు ఉంది, మిగతాదంతా చైనా చేతిలో ఉన్న టిబెట్‌లోకి పోతుంది. గీత ఎక్కడుందా అని చూశాను, ఏమీ కనపడదు, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మన తుంగభద్రకైతే రాష్ట్రాల మధ్య బోర్డు ఉంది, టీఎంసీల లెక్క ఉంది, మా జిల్లాకు నీళ్లు తెచ్చే హెచ్చెల్సీ (ఎగువ కాలువ)కి వాటా ఉంది. అక్కడ ఆ ఉప్పునీళ్లు ఎవరికీ వద్దు, గట్టు మీది కొండలు కావాలి. ఒడ్డు వైపు దిగే కొండ కొసలను ఫింగర్లంటారు, ఒకటి నుంచి ఎనిమిది దాకా. 2020లో రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడింది వాటి కోసమే, 2021 ఫిబ్రవరిలో సరస్సు ఒడ్ల నుంచి ఇద్దరూ వెనక్కి తగ్గారు.

ఆ రాత్రి సరస్సు ఒడ్డునే ఉన్న స్పాంగ్మిక్ ఊళ్లో టెంట్లు. దాదాపు 14,000 అడుగులు. పది గంటలకు మా బామ్మర్ది లేచి కూర్చుని "బావా, తల పగిలిపోతాంది" అన్నాడు, తర్వాత వాంతులు, తర్వాత మాట తడబడింది. ఎత్తులో పలచటి గాలి పడక ఇట్లా అయినప్పుడు అసలు మందు కిందికి దింపడం. లేహ్‌కు దింపుదామంటే మధ్యలో ఛాంగ్ లా! కిందికి పోవాలంటే ముందు ఇంకో మూడు వేల అడుగులు పైకి ఎక్కాలి. ఇది ఏ ప్యాకేజీ కాగితంలోనూ ఉండదు సార్. ఆ డ్రైవరు కుర్రాడే ఆలోచించి, కనుమకు ఇవతలే కాస్త కింద ఉన్న టాంగ్‌ట్సే ఊరి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేసరికి మనిషి మనుషుల్లో పడ్డాడు. ఆ రాత్రంతా మా ఆవిడకు ఫోన్ చేద్దామన్నా నాది ప్రీపెయిడ్ సిమ్ము, మన రాష్ట్రంలో తీసుకున్న ప్రీపెయిడ్ అక్కడ పని చేయదు, ఆ టెన్షన్ వేరే.

అందుకని మీకు ఒక్కటే మనవి. ఇట్లాంటి వ్యాసం వేసిన ప్రతిసారీ ఫోటో పక్కనే ఒక చిన్న డబ్బా గీసి, ఊరి ఎత్తు, లేహ్‌లో రెండు రోజుల విశ్రాంతి, బీపీ గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగాలన్న మాట, పోస్ట్‌పెయిడ్ సిమ్ము సంగతి వేయండి. హోటల్ రేట్లకు ఇచ్చిన చోటులో సగం చాలు.

మా బామ్మర్ది అప్పుడే మళ్లీ పోదామంటున్నాడు, చక్రవాక పక్షుల్ని సరిగ్గా చూడలేదట. విమానం వద్దు, శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా రోడ్డున మెల్లగా ఎక్కుతూ పోదామని నేను పట్టుబట్టాను. వాళ్ల అక్క ఇంకా ఒప్పుకోలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు, అనంతపురం