ఒక్కచోటే అరిగిన టైరు

మూలాపేట, నెల్లూరు

చిన్నోడికి నాయన ఆశీస్సులు.

ఫోన్లో చెబితే సగంలోనే "సరే నాయనా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. పండక్కి వచ్చినప్పుడు నువ్వు మార్చి వదిలేసి పోయిన నీ సైకిల్ వెనక టైరు మన అంగట్లో మేకుకు వేలాడుతోంది. మొన్న పారేద్దామని తీసి చేత్తో తిప్పి చూశా. చుట్టూ కొత్త టైరే, అచ్చు కూడా పోలేదు. ఒక్కచోట మాత్రం బెత్తెడు మేర రబ్బరంతా పోయి నూలు బయటపడింది. ముప్పై ఏళ్లుగా టైర్లు విప్పుతున్నా, ఇట్టా అరిగింది ఎప్పుడూ చూళ్లేదు. రిమ్ము బెండుంటే అరుగుతుంది గానీ అది వారగా అరుగుతుంది. బ్రేకు పట్టేసిందా అనుకుందామంటే, నీ బండికి అసలు బ్రేకే లేదాయె.

రెండు రోజులు బుర్ర గోక్కున్నాక నీ బండి చైను చక్రాల పళ్లు గుర్తొచ్చాయి. ముందు 48, వెనక 16. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం సరిగ్గా మూడు చుట్లు. కాళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ నీ బండికి లేదు, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతాయి. ఆగాలంటే నువ్వు పెడళ్లు బిగబట్టి చక్రాన్ని జారుస్తావు, అదీ ఎప్పుడూ కుడికాలు ముందుంచే. కాలు అదే చోట ఆగుతుంటే టైరూ అదే చోట నేలకు ఆనుతుంది. వందసార్లు జారినా అరిగేది ఆ బెత్తెడే. వెనక 17 పళ్లది వేసుకుంటే అరుగుదల 17 చోట్లకు పంచుకుపోతుంది, ఎందుకంటే 48కీ 17కీ పొత్తు కుదరదు, రెంటినీ భాగించే అంకె ఒకటి తప్ప లేదు. అంగట్లో గచ్చు మీద సుద్దముక్కతో గీసి మరీ చూసుకున్నా. లెక్క తేలాక భలే సంతోషమేసింది. ఆ వెనకే ఇంకోటి తోచింది. వీడు ఇన్నిసార్లు ఎక్కడ జారాడు?

ఆ సంగతి ఆదివారం తెలిసింది. పంక్చర్‌కి వచ్చిన కుర్రాడొకడు ఫోన్ నా ముందు పెట్టి "అన్నా, మీవాడే కదా ఇది, మన ట్రంకు రోడ్డే!" అన్నాడు. 41 సెకన్ల వీడియో. వీఆర్‌సీ సెంటర్ నుంచి గాంధీబొమ్మ దాకా. ఇంకా సరిగా తెల్లారలేదు, అంగళ్ల షట్టర్లన్నీ దించి ఉన్నాయి, వీధిలైట్ల కింద నువ్వు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ముందు చక్రం పైకి లేపి, హ్యాండిల్ గిర్రున ఒక చుట్టు తిప్పి, చక్రం నేలకు తగిలేలోగా మళ్లీ పట్టుకున్నావే, అదొక ఎత్తు. నాకు నచ్చింది మాత్రం సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టకుండా బండిని నిలబెట్టావు చూడు, అది. హ్యాండిల్ వారగా తిప్పి, పెడల్‌ని ముందుకో పిసరు, వెనక్కో పిసరు. ఫ్రీవీల్ ఉన్న బండి అట్టా వెనక్కి రాదు. మీ అమ్మ కూడా చూసి "వీడు పడడేందే" అంది.

నీకొక మాట చెబుతా, అమ్మతో అనకు. అంగట్లో జామైపోయిన పాత ఫ్రీవీల్ ఒకటుంటే దాన్నే ఒక బండికి తగిలించి, పొద్దున్నే సందులోకి తీసుకుపోయి ఎక్కా. నాలుగు గజాలు బాగానే పోయింది. అలవాటు చొప్పున కాళ్లు ఆపాను. బండి ఆపనిచ్చిందా? పెడల్ లేచి మోకాలి కింద ఒక్కటిచ్చింది. దిగడం చేతగాక ఎదురింటి గోడ పట్టుకున్నా. ఇంకా కుంటుతూనే ఉన్నా, స్టాండు తగిలిందని ఇంట్లో చెప్పా. వెనక పళ్లచక్రాన్ని అదిమి పట్టే రింగుకి ఉల్టా మర ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసొచ్చింది. వెనక్కి తొక్కినప్పుడు పళ్లచక్రం ఊడి రాకుండా. మన ఎడమ పెడల్‌కి ఉన్న ఉపాయం లాంటిదే.

ఇక అసలు సంగతి. 23వ సెకను. పాట తీసేసి చూడు. కుడివైపు అంచున ఒకామె తలమీద గంపతో రోడ్డు దాటుతోంది. నువ్వు జారుతూ వస్తున్నావు, చక్రం వారగా పోతోంది. ఆమె ఒక చెయ్యి గంప మీదే ఉంచి, రెండో చెయ్యి నీకు అడ్డం పెట్టింది. అరచెయ్యి. సైకిల్‌ని అరచేత్తో ఆపేద్దామని కాదు పాపం, ఏం చెయ్యాలో తెలియక. నువ్వు ఆమె కొంగు పక్కగా పోయావు. వీడియోలో అది అర సెకను కూడా ఉండదు. లైకులు కొట్టిన వాళ్లెవరూ చూసి ఉండరు. నువ్వైనా చూశావా?

ఆమె నాకు తెలిసిన మనిషే. రోజూ మన వీధిలో తోటకూర, గోంగూర అమ్ముకుంటూ పోతుంది. మర్నాడు నేనే ఆపి అడిగా. "ఎవురో పిలకాయ అన్నా, మీదికే వచ్చినాడు. దేవుడి దయ, గంప పడలా" అంది. కాళ్లకు తగలలేదనలేదు చూడు, గంప పడలేదంది. వాడు మావాడే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండు కట్టలు ఎక్కువ కొన్నా. మీ అమ్మ ఇంత గోంగూర ఎందుకని తిట్టింది.

నా చిన్నప్పుడు కోవూరులో స్కూలు గ్రౌండులో ఒకాయన వారం రోజులు సైకిల్ దిగకుండా తొక్కాడు. ఆ రోజుల్లో ఊరూరా అదో వినోదం. మైకుసెట్టు, ట్యూబులైట్లు. ఆయన సైకిల్ మీదే స్నానం, సైకిల్ మీదే భోజనం. జనం చొక్కాకు నోట్లు పిన్నుతో గుచ్చేవాళ్లు. ఆయన బండికీ ఫ్రీవీల్ లేదు, వెనక్కి తొక్కితే వెనక్కి పోయేది. నేను సైకిల్ పనిలోకి రావడానికి ఆయనే కారణం, ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు బాగా గుర్తున్నది ఇంకొకటి. తొక్కడం మొదలెట్టకముందు ఆయన నాలుగు వెదురు గుంజలు పాతి, చుట్టూ మోకు కట్టాడు. పిలకాయలు మోకు దాటి వస్తే తొక్కుతూనే కేకలేసేవాడు. పడితే తాను పడాలి, ఇంకొకరు కాదు. ట్రంకు రోడ్డు మీద నీకు మోకు లేదు. ఆ తోటకూరామెను నీ ఆటలోకి నువ్వే లాగావు, ఆమెను అడక్కుండా.

మానెయ్యమని రాయడం లేదు. పాతికేళ్లవాడిని మానెయ్యమంటే మానేస్తావా? అయినా ఆ సిగ్నల్ దగ్గర నిలబడటం చూశాక నాకే మానిపించాలని లేదు. బ్రేకు పెట్టు, అంతే. "కాళ్లే బ్రేకు నాయనా" అన్నావు పండగప్పుడు. నీ కాళ్లకూ చక్రానికీ మధ్య ఉన్నది చైను. చైను తెగినా, పడిపోయినా నీ కాళ్లు దేనికీ పనికిరావు. రోజుకు రెండు తెగిన చైన్లన్నా నా ముందుకొస్తాయి. చైను బాగున్నా సరే, ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి తూగుతుంది, వెనకది తేలిపోయి జారుతుంది. అందుకే అంత దూరం ఈడ్చుకుపోతుంది. ముందు బ్రేకు అయితే అంతకంటే ఎంతో ముందే ఆగుతావు. అక్క ఫోన్లో చదివి వినిపించింది, 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఇట్టాంటి బండే ఒకతను తొక్కుతూ రోడ్డు దాటుతున్న ఆమెను గుద్దాడట. ఆమె చనిపోయింది. అతనికి 18 నెలల జైలు పడింది. అప్పటికి నీకంటే చిన్నవాడు.

ఆ వీడియో తీసినవాడెవడో గానీ, స్కూటీ వెనక తిరగేసి కూర్చున్నాడని నీడ చూస్తే తెలుస్తోంది. వాడికీ హెల్మెట్ లేదు. వాడి అమ్మానాన్నలకు తెలుసో లేదో.

చెన్నై బస్సులో పార్సిల్ వేస్తున్నా. అందులో ముందు బ్రేకు, లివరు, కేబుల్, 17 పళ్ల చక్రం ఉన్నాయి. చక్రం కోసం నెల్లూరంతా తిరిగా, దొరకలేదు, తెప్పించాల్సి వచ్చింది. లివరు కుడిచేతి వైపు బిగించు. కేబుల్ కాస్త పొడుగు ఉంచా, హ్యాండిల్ తిప్పే చుట్టుకి చాలుతుందో లేదో చూసుకో, చాలకపోతే చెప్పు, ఇంకో ఉపాయం ఆలోచిస్తా.

నీ ఫోర్కుకి బ్రేకు బోల్టు పట్టే రంధ్రం ఉందో లేదో నాకు గుర్తులేదు. కొన్ని రేసు బండ్లకు ఉండదు. లేకపోతే అక్కడ ఎవడి దగ్గరికో పోయి డ్రిల్లు పెట్టించకు, ఫోర్కు అక్కడే విరుగుతుంది. ఫోటో తీసి పంపు. ఈ ఆదివారం అంగడి కట్టేసి నేనే వస్తా.

మీ నాయన