గోల్‌కీపర్లుగా ఆడినవారిని బాలికల శిక్షణకు పిలవండి

సంపాదకుల వారికి నమస్కారం.

బాలికల ఫుట్‌బాల్ జట్ల ఎంపిక వార్త మీ క్రీడల పుటలో వచ్చిన ప్రతిసారీ నేను ముందుగా వెతికేది గోల్‌కీపర్ పేరు. ఆ పిల్లకు ఎవరు నేర్పారన్నది మాత్రం ఏ వార్తలోనూ ఉండదు, ఎందుకంటే చాలా సందర్భాలలో ఆమెకు ఎవరూ నేర్పి ఉండరు. అనంతపురం జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఆరేళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఒక విన్నపంతో ఈ లేఖ రాస్తున్నాను. బాలికల జట్లకు శిక్షకులను వెతికేటప్పుడు, ఒకప్పుడు గోల్‌కీపర్లుగా ఆడినవారిని, ముఖ్యంగా అలా ఆడిన మహిళలను, ముందుగా పిలవాలి.

మన పాఠశాలల్లో గోల్‌కీపర్ ఎంపిక ఎలా జరుగుతుందో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. పరుగు ఉన్న పిల్లను ముందు వరుసలోకి, కాలి బలం ఉన్న పిల్లను డిఫెన్స్‌లోకి పంపి, ఇక మిగిలిన పిల్లను, లేకపోతే అందరికంటే పొడుగ్గా ఉన్న పిల్లను, గోల్‌పోస్టుల మధ్య నిలబెడతాం. ఆ గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, ఆడవారి ఆటకైనా మగవారి ఆటకైనా కొలత ఒక్కటే. అయిదడుగుల పిల్ల, గులకరాళ్లు తేలిన మన ఎర్రనేల మీద, పడడం ఎలాగో తెలియకుండానే దాన్ని కాపాడాలి. ఒక జోనల్ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ పోయినప్పుడు మా గోల్‌కీపర్‌ను నేను అందరి ముందూ కోప్పడ్డాను. మరుసటి వారం నుంచి ఆ పిల్ల మైదానానికి రాలేదు. తప్పు నాది. నేను కబడ్డీ క్రీడాకారిణిని. బంతి మీదికి దూకడం ఆమెకు నేను నేర్పలేదు, నేర్పడానికి నాకూ తెలియదు.

తరువాతి సంవత్సరం, గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి విరమించిన ఒక పెద్దాయన, తన మనవరాలి కోసం మా మైదానానికి వస్తూ, గోల్‌కీపర్లను నాకు అప్పగించండమ్మా అని అడిగారు. ఆయన వయసులో ఉన్నప్పుడు రైల్వే జట్టుకు గోల్‌కీపర్. ఆయన పిల్లలను మొదట లాంగ్‌జంప్ ఇసుక గుంతలోకి తీసుకువెళ్లారు. కూర్చుని పక్కకు ఒరిగి బంతి పట్టడం, తరువాత మోకాళ్ల మీద, ఆ తరువాతే నిలబడి దూకడం. మోచేతులు దోక్కుపోవడం ఆగిన తరువాత పిల్లల భయమూ తగ్గింది. ఇంకొక రోజు రెండు గోల్‌పోస్టులకు తాడు కట్టి, దాని మధ్యభాగాన్ని బంతి దగ్గరకు లాగి, పిల్లను రెండడుగులు ముందుకు రమ్మన్నారు. ముందుకు వచ్చేకొద్దీ తనకు రెండు పక్కలా తాడు దగ్గరపడడం ఆమె కళ్లారా చూసింది. కోణం తగ్గించడం అన్న మాటకు అర్థం నాకు కూడా ఆ రోజే తెలిసింది.

అన్నిటికంటే కష్టమైంది ఆమె చేత కేక పెట్టించడం. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదని చెప్పే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వీళ్లు. గోల్‌కీపరేమో మైదానం మొత్తం తనకు ఎదురుగా కనిపిస్తున్న ఒకే ఒక్క క్రీడాకారిణి; ‘నాది’, ‘వదిలెయ్’, ‘వెనక మనిషి ఉంది’ అని పదిమందికీ వినబడేలా ఆమె అరవాలి. అలా అరవడం నేర్చుకున్న పిల్ల తరగతిలో కూడా లేచి ప్రశ్న అడగడం నేను చూశాను.

ఈ అనుభవం తరువాతే టోనీ డిచీకో జీవితం గురించి శ్రద్ధగా చదివాను. అమెరికాకు చెందిన ఆయన స్వయంగా గోల్‌కీపర్. వాళ్ల పురుషుల జాతీయ జట్టుకు 1973లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడారు. ఆటగాడిగా ఆయనను ఎవరూ గుర్తుంచుకోకపోవచ్చు. 1991లో మొదటి మహిళల ప్రపంచ కప్ గెలిచిన అమెరికా జట్టుకు ఆయన గోల్‌కీపింగ్ కోచ్. 1994లో ప్రధాన కోచ్ అయ్యి, 1996 ఒలింపిక్ స్వర్ణాన్ని, 1999 ప్రపంచ కప్‌ను గెలిపించారు. ఆయన కాలంలో ఆ జట్టు 103 మ్యాచ్‌లు గెలిచి, ఎనిమిదింటిలోనే ఓడింది. 2008లో అండర్-20 ప్రపంచ కప్ కూడా ఆయన శిక్షణలోనే వచ్చింది. 2017లో ఆయన కన్నుమూశారు.

1999 ప్రపంచ కప్‌లో గోల్‌కీపర్ చూపు ఎంత విలువైనదో కనిపిస్తుంది. జర్మనీతో క్వార్టర్ ఫైనల్ మొదలైన అయిదో నిమిషంలో, అమెరికా గోల్‌కీపర్ బ్రియానా స్కరీ ముందుకు వచ్చి ఉండగా అదే జట్టు డిఫెండర్ బ్రాండీ చాస్టెయిన్ బంతిని వెనక్కి తన్ని సొంత గోలులోకే పంపింది. కోచ్ డిచీకో ఆమెను ఆటలోంచి తీయలేదు. రెండో అర్ధభాగంలో ఆమే గోలు కొట్టి స్కోరు సమం చేసింది, జట్టు 3-2తో గెలిచింది. ఒక్క తప్పు గోలుగా మారి స్కోరుబోర్డు మీద నిలిచిపోవడం ఏమిటో గోల్‌కీపర్‌కు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఈ ఓర్పు అక్కడి నుంచి వచ్చిందనే నేను నమ్ముతున్నాను. అదే చాస్టెయిన్ ఆ సంవత్సరం మొదట్లో చైనా మీద కుడికాలితో కొట్టిన పెనాల్టీ తప్పిపోయినప్పుడు, ఎడమకాలితో సాధన చేయమని చెప్పింది డిచీకోనే. జులై 10న పాసడీనాలోని రోజ్ బౌల్‌లో, 90,185 మంది ప్రేక్షకుల ముందు, చైనాతో ఫైనల్ అదనపు సమయం తరువాత కూడా గోల్ లేకుండా ముగిసింది. పెనాల్టీలలో చైనా క్రీడాకారిణి లియు యింగ్ కొట్టిన బంతిని స్కరీ ఆపింది. చివరి పెనాల్టీని చాస్టెయిన్ ఎడమకాలితో గోలు చేసింది. అంతకు ముందే అదనపు సమయంలో, చైనా కార్నర్ నుంచి వచ్చిన బంతిని గోల్‌పోస్టు దగ్గర కాపు కాసిన క్రిస్టీన్ లిల్లీ గీత మీదనే తలతో ఆపకపోతే పెనాల్టీల దాకా ఆట వచ్చేదే కాదు. కార్నర్ వచ్చినప్పుడు పోస్టు దగ్గర ఒకరు నిలబడాలన్న ఈ చిన్న పని మన పాఠశాల మ్యాచ్‌లలో ఎంతమంది పిల్లలకు తెలుసు?

మహిళా గోల్‌కీపర్లు కూడా ఇదే బాటలో వచ్చారు. 2007 ప్రపంచ కప్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వని జర్మనీ గోల్‌కీపర్ నాదీన్ ఆంగెరర్, ఆట మానిన తరువాత పోర్ట్‌లాండ్ మహిళా జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్ అయ్యారు. మన దేశానికి గోల్‌కీపర్‌గా ఆడిన అదితి చౌహాన్ ఇంగ్లండ్‌లో వెస్ట్‌హామ్ మహిళా జట్టుకు ఆడి వచ్చి బాలికల కోసం అకాడమీ పెట్టారు.

అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామం ఉంది, పచ్చిక మైదానాలు ఉన్నాయి, ఆడాలన్న పిల్లలూ ఉన్నారు. గుంతకల్లు, ధర్మవరం, హిందూపురం వంటి ఊళ్లలో ఒకప్పుడు గోల్‌కీపర్లుగా ఆడి ఇప్పుడు ఉద్యోగాల్లోనో ఇళ్లలోనో ఉన్నవారు ఉన్నారు. మా పెద్దాయనకు చేతిలో సర్టిఫికెట్ లేనందువల్ల మ్యాచ్ రోజున ఆయన తీగ కంచె అవతలే నిలబడవలసి వచ్చేది. అటువంటివారి పేర్లను క్రీడా శాఖ అధికారులు, జిల్లా ఫుట్‌బాల్ పెద్దలు కలిసి సేకరించాలి. కావలసిన వారికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘డి’ లైసెన్స్ శిక్షకుల కోర్సుకు రుసుము, దారి ఖర్చులు ఇచ్చి పంపాలి. ఈలోగా ప్రతి మండలంలో వారానికి రెండు సాయంత్రాలు గోల్‌కీపర్లకు మాత్రమే శిక్షణ జరిగేలా చూడాలి. దానికి ఒక ఇసుక గుంత, నాలుగు జతల గ్లౌజులు, ఒక తాడు, పది బంతులు చాలు. వచ్చే జోనల్ పోటీలకు ముందే ఇది మొదలు కావాలని కోరుతున్నాను. నేర్పేవారు దొరికితే పిల్లలను పోగుచేసే పని నాకు అప్పగించవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
అనంతపురం.